వేళ్ళ మీద వడ్డన

అక్కా,

క్షేమం అని రాస్తే నువ్వెలాగూ నమ్మవు కాబట్టి ముందే చెబుతున్నాను, కాస్త చిక్కాను. తప్పు ఈ దేశపు తిండిది కాదు, నాదే.

కుట్టుమిషన్ల శిక్షణకి వచ్చిన మమ్మల్ని తలా ఒక ఇంట్లో ఉంచారు. నేనున్నది ఒక టీచరమ్మ ఇంట్లో. మొదటి రోజు ఆవిడ గరిటె ఎత్తి, "ఇంకొంచెం వేయనా?" అని అడిగింది. మొహమాటానికి "వద్దండీ, చాలు" అన్నాను. ఆవిడ నవ్వి, గిన్నె తీసుకెళ్ళి మూత పెట్టేసింది! ఇక్కడ అడిగేది ఒక్కసారే. వద్దంటే వద్దనే. ఆ వారమంతా అర్ధాకలితోనే మిషన్ ముందు కూర్చున్నాను.

నువ్వయితే కంచానికి చేతులు అడ్డం పెట్టినా, "నీ మొహం, తిను" అంటూ వేళ్ళ మీదే వడ్డించేదానివి. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ తిట్టు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

నిన్న సిగ్గు విడిచి "వేయండి" అన్నాను. ఆవిడ ఎంత సంబరపడిందో! నాకు మాత్రం నువ్వు గుర్తొచ్చావు.

బావ చనిపోయిన నెల రోజులకి, మీ గుమ్మంలో చెప్పులేసుకుంటూ "మా ఇంటికొచ్చెయ్ అక్కా" అన్నాను. "ఎందుకులేవే, నీకు ఇబ్బంది" అన్నావు. సరేనని బస్సెక్కేశాను. బస్సు మలుపు తిరిగేదాకా నువ్వు గుమ్మంలోనే నిలబడి ఉన్నావు. ఈ దేశం రాకముందే ఈ దేశపు మనిషినైపోయాను చూడు.

వచ్చే నెల పదిన దిగి, నేరుగా నీ దగ్గరికే వస్తాను. పెట్టె సర్దుకో. చేతులు అడ్డం పెట్టినా లాభం లేదు, ఈసారి వడ్డించేది నేను.

నీ చెల్లి