కొర్రమట్టల గుంటలో వంగతోట

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పోలీస్ యాక్షన్‌తో జాగీరు పోయింది. కాప్రా చెరువుకు నీ తర్వాత తూము తీసే నీరటిని ఎవరూ పెట్టలేదు.

ఎండాకాలంలో రైతులు చెరువు మట్టిని పొలాలకు తోలుకుపోయినా, కొర్రమట్ట చేపలుండే నడిమి గుంటను మాత్రం నువ్వు ముట్టనిచ్చేవాడివి కాదు. "వానలు పడేదాక కొర్రమట్టలు ఆ బురదలనే బతుకుతయి బిడ్డా" అనేవాడివి. ఇప్పుడు రైతులకు సంచుల్లో సీమ ఎరువు దొరుకుతోంది. ఇంక మట్టి ఎవరిక్కావాలి?

ఆ గుంటలోని కొర్రమట్టలన్నిటినీ సికింద్రాబాద్ పెద్దమనిషి ఒకడు బుట్టలకెత్తించి ఇంటికి పంపుకున్నాడు. గుంటను ఇటుక ముక్కలతో పూడ్చి, మోండా మార్కెట్‌ కోసం వంగతోట వేశాడు. నీళ్ళు లేనప్పుడు అది చెరువు కాదట! ఇంగ్లీషు చదువు చదివినవాడు మరి.

నిన్న పెద్ద వాన. చెరువు తన చోటికి తాను వచ్చింది. ఆ మేధావి ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని మన వాకిట్లో నిలబడ్డాడు.

"నీరటి ఎక్కడున్నడమ్మా? జెర జల్దీ తూము తీయమను, నా తోట మునుగుతున్నది."

నేను సమాధుల తోట వైపు చెయ్యి చూపించాను.

"ఆడ పండుకున్నడు మా నాయన. పోయి లేపుకో."

వెళ్ళాడు నాయనా! "నీరటీ, ఓ నీరటీ" అని కేకలు వేసుకుంటూ వెళ్ళాడు.