వద్దనలేని నోరు

జోగ్జకార్తా, మంగళవారం

సుమార్ని అక్కా,

బావ పోయి వెయ్యి రోజులు నిండే నాటి తంతులో ఆయన పాడిన తోలుబొమ్మలాట పాటలు వినిపిద్దామన్నావు. ఊరందరినీ పిలిచేశావు కూడా. ఆ పాటలు లేవక్కా.

వాటిని దాచిన నా కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ. రోజూ మొరాయిస్తుంటే మా ఆఫీసు సుగెంగ్, "లినక్స్ వేసుకోవయ్యా, ఉచితం, దొంగతనమూ కాదు" అని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. నేనే ఎక్కించాను. అది ఒక్కో ప్రశ్నా ఎంతో మర్యాదగా అడిగింది. మన సంగతి తెలుసుగా, మర్యాదగా ఎవరేమడిగినా "చిత్తం" తప్ప ఇంకో మాట రాదు. అన్నిటికీ అవుననే నొక్కాను. "డిస్కు మొత్తం తుడిచెయ్యనా?" అన్నదానికి కూడా.

బావ గొంతు ఇంకెక్కడా దాచలేదు. రిపేరు చేసేవాళ్ళు ముగ్గురికి చూపించాను. ముగ్గురూ "చూద్దాం" అన్నారు. మన దగ్గర చూద్దామంటే అర్థమేమిటో నీకు చెప్పాలా?

కంప్యూటర్ మాత్రం ఇప్పుడు గుర్రంలా పరిగెడుతోంది. దాని మొహం చూడబుద్ధి కావడం లేదు.

మొన్న ఫోన్‌లో "పాటలు భద్రమేనారా?" అనడిగావు. "ఆఁ, భద్రమే" అన్నాను. మళ్ళీ అడిగినా అదే అంటాను. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఇది చదివి ఫోన్ మాత్రం చెయ్యకు.

నీ తమ్ముడు