ఓడ దిగి నీ పేరే అడిగారు

ఫ్రోసో,

ఏథెన్స్‌లో మీ అమ్మాయి దగ్గర ఎలా ఉన్నావో ఒక్క ముక్క రాయవు. నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప.

నిన్న కూడా "గదులు అద్దెకు" అట్ట పట్టుకుని మన దీవి రేవుకెళ్లాను. దిగినవాళ్లంతా ఫోన్లు చూసుకుంటూ కొండమీది హోటల్ వ్యాను ఎక్కేశారు. ఒకప్పుడు ఓడ దిగిన ఒక్కో కుర్రాడి సంచీని మనిద్దరం చెరోవైపు లాగుతూ తిట్టుకునేవాళ్లం. గది దొరకనివాళ్లు తెల్లారేదాకా రేవు బార్లలో పాటలకు చిందులేసేవాళ్లు.

చివర్లో తల నెరిసిన జర్మన్ జంట దిగి నీ ఇల్లెక్కడని అడిగారు. పాడు నోరు, అలవాటు మానదు కదా!

"ఫ్రోసో ఇంట్లో నల్లులు. నీళ్లూ రావు," అనేశాను.

ఆవిడ పకపకా నవ్వింది. "కుర్రతనంలో వచ్చినప్పుడూ ఇదే చెప్పావమ్మా! అయినా ఆమె దగ్గరే దిగాం."

నీ ఇంటికి తాళం కదా, మా ఇంటికే తెచ్చాను. డాబా మీద కూర్చుని, పాటలెప్పుడు మొదలవుతాయని అడిగారు. బార్లు మూసేసి చాలా ఏళ్లయిందని చెప్పే ఓపిక లేక కిందికి దిగొచ్చాను.

ఈ వేసవిలో ఒక్కసారి రా. నీ సంచీ నేనే లాగుతాను. అవతలివైపు పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు.

నీ ఎదురింటిది