గోల్‌కీపర్‌ని ఏమీ అనొద్దన్నాడు నాయన

అన్నా,

రాబోయే హాకీ టెస్టు మ్యాచ్‌లకి భారత జట్టును ప్రకటించారు. నేను నాయనతో వెళ్ళేసరికి కోవిల్‌పట్టి టీకొట్టులో అందరూ గోల్‌కీపర్‌ని తిడుతున్నారు.

"వాన్ని ఎందుకు తీసుకొనిరి? చెయ్యే లేవదే వానికి!" అన్నాడు టైలర్ మామ.

విరుదునగర్‌లో జట్టు సెలెక్షన్ రోజు నువ్వు గోల్‌కీపర్‌గా రెండు గోల్స్ వదిలినప్పుడూ ఆయన అందరి ముందు ఈ మాటే అన్నాడు. తరవాత నువ్వు ఆట మానేసి బాణసంచా ఫ్యాక్టరీలో చేరావు. అక్కడి పేలుడులో పోయి ఇవాళ్టికి ఏడాది.

నాయన గ్లాసు కింద పెట్టాడు. "ఆ పిలగాన్ని అట్ల అనొద్దప్పా. వాని ఇంట్లోవాళ్ళు వింటారు."

మేం బయటికి వస్తుంటే టైలర్ మామ వెనకాలే వచ్చాడు.

"తప్పయిపోయె, బావా."

నాయన ఆయన వైపు చూడలేదు. "ఆ దినం వాడు ఇంటికొచ్చి నీ మాటే చెప్పి చెప్పి ఏడ్చె," అన్నాడు.

నువ్వు ఏడ్చావని నాకు ఇవాళే తెలిసింది.

నీ చెల్లెలు