బాణం మీద ఏం రాయాలి?

సుద్దముక్క మావయ్యకు,

నమస్కారాలు. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన నువ్వే నన్ను కాపాడాలి. వచ్చే నెల ఇన్‌స్పెక్టరుగారు నా ఏడో తరగతి పాఠం చూడ్డానికొస్తున్నారు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే. జీర్ణక్రియ మీద పన్నెండు స్లయిడ్లు చేశాను. పుస్తకంలో ఒక్క అక్షరం వదల్లేదు. అయినా పిల్లలు ఆవలిస్తున్నారేం? స్లయిడ్లు కూడా పంపుతున్నాను.

నీ మేనకోడలు

తా.క.: తెర మీదున్నదంతా నేనే చదివి వినిపిస్తున్నాను కూడా. ఇంకేం చెయ్యను?

---

మేనకోడలికి,

ఆశీస్సులు, వెంటనే చీవాట్లు. పుస్తకాన్ని తెర మీదకెక్కిస్తే పాఠమైపోతుందటే? వాళ్లకి చదవడం వచ్చు. స్లయిడుకి నాలుగు మాటలు, ఒక బొమ్మ చాలు. మిగతాది నోటితో చెప్పు.

మావయ్య

తా.క.: మీ అత్తయ్య నీ స్లయిడ్లు చూస్తానంది. మూడోదానికే కళ్లజోడు తీసి పక్కనపెట్టి పడుకుంది.

---

మావయ్యా,

నువ్వు చెప్పినట్టే స్లయిడుకి నాలుగే మాటలు పెట్టాను. ఒక్క మాటా పారెయ్యలేదు కాబట్టి పన్నెండు కాస్తా నూట నలభై మూడయ్యాయి. ముద్ద కడుపులోకి చేరకముందే గంట కొట్టేశారు.

మేనకోడలు

తా.క.: బటన్ నొక్కీ నొక్కీ బొటనవేలు వాచింది.

---

ఓసి పిచ్చిపిల్లా,

తగ్గించమన్నాను గానీ ముక్కలు కొయ్యమన్నానా? ఐదు స్లయిడ్లుంచు. తర్వాత కాన్సెప్ట్ మ్యాప్ ఒకటి ఉండాలి. మధ్యలో అసలు విషయం, చుట్టూ దానికి సంబంధించినవి, వాటిని కలుపుతూ బాణాలు. ప్రతి బాణం మీదా ఆ సంబంధమేమిటో రాయాలి. ఆ మాట లేకపోతే గీత ఉత్త గీతే.

మావయ్య

తా.క.: ఈ ఉత్తరం రెండుసార్లు చదువు. నీ సంగతి నాకు తెలుసు.

---

మావయ్యా,

ఆదివారమంతా కూర్చుని తొంభై గుండ్రాలతో మ్యాప్ గీశాను. తెర మీద వెయ్యగానే వెనక బెంచీవాడు లేచి, "టీచర్, ఇందులోంచి బయటికి దారెటు?" అన్నాడు. ఇక ఉద్యోగం మీద ఆశ వదిలేసుకున్నాను.

మేనకోడలు

---

ఏడవకే,

నువ్వు గీస్తే నీకొచ్చని తెలుస్తుంది. వాళ్లకొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? వాళ్లనే గియ్యనీ. బాగా తెలిసింది మధ్యలో పెట్టుకోమను.

మావయ్య

తా.క.: ఈసారి వినకపోతే నేనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటా.

---

మావయ్యా,

నీ కాళ్లకు దణ్ణం. ఐదు స్లయిడ్లయ్యాక తెర ఆపేసి కాగితాలు పంచాను. "బాగా తెలిసింది మధ్యలో పెట్టండి" అన్నాను. వెనక బెంచీవాళ్ల కాగితం ఇన్‌స్పెక్టరుగారి చేతికే చిక్కింది. మధ్యలో 'మా టీచర్' అని ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. 'లైట్లు ఆపితే' అని బాణం, దాని చివర 'మాకు నిద్ర'. 'ఇన్‌స్పెక్టర్ వస్తే' అని ఇంకో బాణం, చివర 'మమ్మల్ని నాన్నా అంటుంది'.

"జీర్ణక్రియ ఏదర్రా?" అన్నారాయన.

"అది ఇవాళే తెలిసింది సార్. టీచర్ ఎప్పట్నుంచో తెలుసు!"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, జీర్ణక్రియ మీద ప్రశ్నలు వేశారు. టకటకా చెప్పేశారు మావయ్యా! మాట లేని బాణం ఒక్కటీ లేదని రాసి, ఉద్యోగం ఖాయం చేశారు. అందరి ముందూ ఏడ్చేశాను.

నీ పర్మనెంటు మేనకోడలు

తా.క.: నీ ఉత్తరాలు నా టేబుల్ మీద మరిచిపోయాను. ఆ మ్యాప్ మూలన 'మావయ్య' అని ఒక గుండ్రం ఉంది. అక్కణ్నుంచి నా మీదికొచ్చే బాణం మీద 'తిడితే బాగుపడుతుంది' అని రాశారు. అది చూసి ఇన్‌స్పెక్టరుగారు నీ అడ్రసు తీసుకున్నారు. వచ్చే నెల నుంచి మా టీచర్లందర్నీ తిట్టడానికి నువ్వు రావాలట.