నల్లరాయి పరీక్ష

మా అక్క సారమ్మకు తమ్ముడు యాకోబు దండాలు పెట్టి రాసేది. ప్రభువు దయవల్ల ఈడ నేను, నీ కూతురు, నా కోడలు మార్తమ్మ, మన మనవరాలు ఎస్తేరు ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. ఆడ నువ్వు, నీ మోకాళ్లు, నీ మేకలు ఎట్లున్నారో రాయించు. ఈ ఉత్తరం చదివి వినిపించే ఉపదేశి గారికి కూడా దండాలు. అయ్యా, ఆదివారం ప్రసంగం మాదిరి సాగదీయకుండా చదవండి, మా అక్కకు నిద్ర వస్తుంది.

మేం బాగానే ఉన్నాం అక్కా, దిగులు పెట్టుకోవద్దు.

ఈడ వాన. మన కడప సీమలో వాన రావాలని ప్రార్థన పెడతాం, ఈ కన్నడ దేశంలో ఆపమని పెట్టుకోవాలి. పంచె ఉతికితే ఆరదు, ఆరకుండానే మాసిపోతుంది. తిండి రాగి ముద్ద. నమలకూడదంట, మింగాలంట. నాకు మిగిలిన పండ్లకు అదే మంచిది. రుచి మాత్రం అడగొద్దు. దానయ్య పోయిన కాడినుంచి నోట్లో ఏం పెట్టుకున్నా ఒకటే. కన్నకొడుకు పోతే ఏడుపు రావాలి కదా, అదీ రావడం లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడు, మనిషినంతా అట్లున్నాను. నోరు ఒక్కటే దాని పాటికది అందరినీ ఎగతాళి చేస్తూ ఉంటుంది. నేను పక్కన కూర్చొని వింటున్నట్టు ఉంటుంది.

మార్తమ్మను, పిల్లను తొందరగా పిలుచుకొని రమ్మని నువ్వు రాయించిన ఉత్తరం అందింది. తెస్తానని నేనూ మాట ఇచ్చాను. ఎందుకు తేలేదో చెప్తాను. నిదానంగా విను, మధ్యలో తిట్టొద్దు.

మేం పని చేసే ఈ ఆనకట్ట కాడ ఇక్కడి సర్కారు ఒక ఏర్పాటు పెట్టింది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పనిమంతులు పరీక్షలో నెగ్గి, ఇంక ఈడే ఉండిపోతామని ఒప్పుకుంటే, వాళ్లను ఈ ఊరివాళ్ల కింద రాసుకొని కాలనీలో ఇల్లు ఇస్తారు. పిల్లలకు బడి కూడా. దానయ్య ఆ పరీక్ష కోసమే కాచుకొని ఉండినాడు. అంతలో వానకు గట్టు జారి వాడి మీద పడింది. పనిమంతుడు లేని ఇల్లు గనక మేమున్న గుడిసె ఖాళీ చెయ్యమన్నారు.

"మామా, పరీక్షకు నువ్వు నిలబడు" అని మార్తమ్మ అడిగింది. నిలబడ్డాను. ఓడిపోతే ఎట్లాగూ మన ఊరికి పోయేదే కదా అనుకున్నాను.

మన నాపరాయి సంగతి నీకు తెలుసు. పక్కన పొర చూసుకొని గడ్డపార మొన దూర్చి ఎత్తితే, పెనం మీది దోసె మాదిరి బండ లేచి వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా చేతులు చేసింది ఆ పనే. ఈడి నల్లరాయికి పొర లేదు. వరసగా గుంతలు కొట్టి, ఇనుప మేకులు దిగ్గొట్టి చీల్చాలి, తరవాత ఉలితో చెక్కి చదును చెయ్యాలి. అది నాకు తెలియక కాదు, రోజూ చూస్తున్నదే. కానీ పరీక్షకని చీల్చి పెట్టిన రాయి ఇచ్చి ముఖం చెక్కమంటే, దాని ముందర కూర్చోగానే చేతులు నా మాట వినలేదు. పక్కలన్నీ తడిమి పొర వెతకడం మొదలుపెట్టినాయి.

మేస్త్రీ బళ్లారి మనిషి. "ఏమప్పా తాతా, ఎద్దును బేరం చేస్తాండావా? ఆ తడమడమేంది?" అన్నాడు.

"పండ్లు చూస్తాండానప్పా. నీ అంత ముసలిదయితే నాకొద్దు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సమ్మెట ఎత్తి పక్కన పొర ఉన్నట్టే కొట్టాను. మూల పగిలి ఎగిరిపోయింది. చెక్కాల్సిన ముఖమే లేకుండా పోయింది. పరీక్ష పెట్టే ఆఫీసరు మర్యాదస్తుడు, గొడుగు కిందినుంచే "చాలు తాతా, లెయ్" అన్నాడు.

అప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదక్కా. రైలెక్కి ఎర్రగుంట్లలో దిగి, నీ పిల్లను నీకు అప్పజెప్తే నా పని అయిపోతుంది అనుకున్నాను.

అంతలో మార్తమ్మ కంకర గంప కింద పెట్టి వచ్చి, పక్క రాయి ముందర కూర్చుంది. ఈడ ఇంటింటికీ రాగులు విసిరే ఇసుర్రాయి ఉంటుంది. అది నున్నబడితే ఉలితో గంట్లు పెట్టాలి. దానయ్య సాయంత్రాలు పెడుతుంటే చూసి ఆమె నేర్చుకుంది. వాడు పోయినాక ఆడవాళ్లు ఆమెనే పిలుస్తున్నారు. నేనేమో ఊరి కబుర్లకు తిరుగుతుందని రోజూ వెక్కిరిస్తూ ఉన్నాను.

"ఆడవాళ్లకు పరీక్ష లేదమ్మా" అన్నాడు ఆఫీసరు.

"లేదని యాడన్నా రాసుండారా అయ్యా?" అంది మార్తమ్మ.

ఆయన మేస్త్రీ వైపు చూశాడు. "రాసినట్టు లేదు సార్. ఇంతవరకూ ఎవురూ అడగలే" అన్నాడు మేస్త్రీ.

"సరే, కానియ్" అన్నాడు ఆఫీసరు.

ఆమె కొంగు నెత్తిన కప్పుకొని వానలోనే చెక్కింది. ఆఫీసరు చెక్క బద్ద ఆనించి చదును చూసి తలూపాడు. తరవాత అసలు మాట అడిగాడు. "ఇంక ఈడే ఉండిపోవాల. ఊరి మీద మనసయి పోతానంటే ఇల్లు వెనక్కి తీసుకుంటాం. మీ ఊరికి పోతావా?"

నేనే ముందు పలికాను. "పోతాది సార్. వాళ్లమ్మ కాచుకోనుండాది."

"పోను" అంది మార్తమ్మ.

"ఏమే, మా అక్కకు నేనేం చెప్పేది?"

"ఉండేది చెప్పు మామా. ఆడికి పోతే మా అన్న ఇంట్లో నాకు కూడు పెడతారు, నేను కాదనలే. వాకిట్లోకి ఎవురన్నా శుభకార్యమని వస్తే, లోపలికి పో అంటారు. ఈడ ఇంత మందిలో కూచోని రాయి కొడ్తాంటే, లోపలికి పో అని ఒకరన్నా అన్యారా?"

(ఉపదేశి గారూ, ఈ ముక్క కొంచెం మెల్లగా చదవండి, మా అక్క కొడుకు పక్కనే ఉంటాడు.)

"మరి నా గతి?" అన్నాను. ఏదో ఒక ఎగతాళి మాట వస్తుందని చూశాను. రాలేదు.

"ఈ ముసలాయన ఎవరు?" అన్నాడు ఆఫీసరు.

"మా మామ. నా కాడే ఉంటాడు" అంది.

కాగితంలో ఇంటి పెద్ద మార్తమ్మ అని రాసుకున్నారు. ఆమె సాకే వాళ్లలో ముందు ఎస్తేరు, తరవాత నేను. ఆ పిల్ల అప్పుడే మొదలుపెట్టింది. "తాతా, అమ్మ చెప్పినట్టు ఇనాల. నువ్వు నా కంటే చిన్నోడివి" అంటుంది.

ఇల్లు మంచిదేనక్కా. రేకుల కప్పు, రెండు గదులు. వాన పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు, అదీ ఒకందుకు మేలే. పిల్ల బడికి పోతుంది. ఇటు వచ్చే వాళ్లుంటే జొన్నలు, కొత్త చింతపండు పంపు. గుడి పెద్దలకు నా వందనాలు, నీ కొడుకుకూ కోడలికీ దీవెనలు.

మాట తప్పింది నేను, తిట్లన్నీ నన్నే తిట్టు. నీ కూతురిని మాత్రం రమ్మని ఇంకోసారి రాయించొద్దు. చదివి ఉలి మీద ఆమె చెయ్యి ఆగిపోతే నేను చూడలేను. చూడాలనిపిస్తే నువ్వే రా. కాలనీ గేటు కాడ ఎవరి మనిషివి అని అడుగుతారు. యాకోబు అక్కనంటే ఎవరికీ తెలియదు. మార్తమ్మ అమ్మనని చెప్పు, చెయ్యి పట్టుకొని ఇంటిదాకా తెచ్చి దిగబెడతారు.

నీ దీవెన కోరుకుంటూ,
నీ కూతురి ఇంట్లో ఉండే తమ్ముడు,
యాకోబు