అత్యవసర మనిషి

ప్రియమైన శ్రీవారికి,

మీరు చెప్పిన పని అయిపోయింది. పాత కంప్యూటర్‌ని రిపేరు షాపు ఆవిడకిచ్చి, అక్షరం మిగలకుండా తుడిపించి, మా పిల్లల వార్డుకి ఇచ్చేశాను. "ఇంత బాగా పనిచేస్తుంటే ఎందుకిచ్చేస్తున్నారమ్మా?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. మా ఆయన దానకర్ణుడు లెండి అన్నాను.

ఆ కొండమీద చలి ఎలా ఉంది? నీళ్ళ ప్లాంటు వాళ్ళు మిమ్మల్ని బదిలీ చేస్తే చేశారు, ఫోను కూడా పలకని చోటికా? సరుకుల బండిలో వచ్చే మీ ఉత్తరం కోసం పెళ్ళికి ముందు కూడా ఇంతగా ఎదురుచూడలేదు.

నిన్న పిచ్చుక వాళ్ళమ్మ వచ్చింది. మీ లాబ్‌లో మీ కింద పనిచేసే ఆ పిల్లని మీరలా పిలిచేవారు కదా, నాకూ ఆ పేరే అలవాటైంది. ఆ పిల్ల ఇంకా జైల్లోనే ఉందండీ. క్లోరిన్ కలవని నీళ్ళని, కలిసిందని లెక్క రాసి ఊళ్ళోకి వదిలిందని కేసు. ఆ రోజు తను అసలు డ్యూటీలో లేదనీ, అమ్మమ్మ పోతే సెలవు కావాలని మీకు మెయిల్ పెట్టి వెళ్ళిందనీ చెబుతోందట. మీరు పోలీసులతో గుర్తు లేదన్నారట. ఊరంతా జబ్బుపడ్డ ఆ గొడవలో ఎవరికి మాత్రం ఏం గుర్తుంటుంది? అందుకే ఒకసారి మీ మెయిల్ చూడండి. ఆ ఒక్క మెయిల్ దొరికితే పిల్ల బయటపడుతుంది. వాళ్ళమ్మ మన గుమ్మంలో కూర్చుని, లోపలికి రమ్మన్నా రాలేదు. నాకు అన్నం సయించలేదు.

ఇట్లు,
మీ నర్సమ్మ

*

ప్రియమైన నర్సమ్మకి,

చలి సంగతి అడిగావు. పొద్దున్నే పళ్ళు తోముకుంటే పళ్ళే ఊడి చేతిలోకొస్తాయేమో అన్నట్టుంటుంది. నువ్వు అల్లిన స్వెట్టర్ ఒంటిమీద నుంచి తియ్యడం లేదు.

కంప్యూటర్ పని పూర్తిచేసినందుకు సంతోషం. పిచ్చుక సంగతి చదివి బాధపడ్డాను. కానీ నేనేం చెయ్యగలను? నా మెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలీదు. అన్నిటికీ పొడవాటి పాస్‌వర్డ్‌లు పెట్టి, వాటిని ఒక ప్రోగ్రాములో దాచుకున్నాను. అది ఎప్పుడూ ఆ కంప్యూటర్‌లో తెరిచే ఉండేది కాబట్టి దాని అసలు పాస్‌వర్డ్ కూడా మర్చిపోయాను. ఇప్పుడా కంప్యూటర్‌నే తుడిచేశాం. ఇక ఇదంతా గతజల సేతుబంధనం.

కోర్టు ఉంది, లాయర్లు ఉన్నారు, వాళ్ళు చూసుకుంటారు. నువ్వు జాలిగుండె దానివి, అందరి ఏడుపూ నెత్తినేసుకుంటావు. వాళ్ళమ్మని మాటిమాటికీ రానివ్వకు. సాక్షి ఇంటికి ముద్దాయి మనుషులు రావడం చూసేవాళ్ళకి బాగోదు. మందులు వేళకి వేసుకో.

నీ
నేను

*

ప్రియమైన శ్రీవారికి,

మంచి కబురు! కూర్చుని చదవండి.

మీ ఉత్తరం అందాక నాకు కంటిమీద కునుకు లేదు. తుడిపించమని చెప్పింది మీరైనా, నా చేతులతో ఇచ్చింది నేనే కదా? ఆ పిల్ల బతుకుని నేనే తుడిచేసినట్టు అనిపించింది. తెల్లారగానే రిపేరు షాపుకి పరిగెత్తాను. ఆవిడ నవ్వి, "కంప్యూటర్ పోతే పాస్‌వర్డ్‌లు దాచిన పెట్టె పోదమ్మా. దాని కాపీ ఆ కంపెనీ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటుంది. అసలు పాస్‌వర్డ్ కొడితే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది" అంది. అది మా ఆయన మర్చిపోయారన్నాను. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, "మిమ్మల్ని అత్యవసర మనిషిగా పెట్టారేమో చూద్దాం" అంది.

పెట్టారండీ! మీ గుండె ఆపరేషన్ ముందురోజు. ఆ కంపెనీ పంపిన కబురు నా మెయిల్‌లో ఎక్కడో అడుగున ఉంది. "నాకేమైనా అయితే ఇవన్నీ నీకు తెరుచుకుంటాయి" అని మీరు ఆ రోజు ఏదో చెబుతుంటే, అపశకునం మాటలొద్దని నోరు మూయించాను. షాపులోనే ఏడ్చేశాను.

అందులో ఉన్న బటన్ నొక్కాం. మీరు ఒప్పుకోకపోతే వారంలోగా వద్దని చెప్పాలట, చెప్పకపోతే దానంతటదే తెరుచుకుంటుందట. మీకో హెచ్చరిక మెయిల్ కూడా పంపుతుందట. ఆ మెయిల్ తెరిచే పాస్‌వర్డేమో ఆ పెట్టెలోనే ఉంది. నాకూ ఆవిడకీ ఒకటే నవ్వు. పిచ్చుక వాళ్ళమ్మకి కూడా చెప్పాను. ఆవిడ నా చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇట్లు,
మీ నర్సమ్మ

*

నర్సమ్మా,

బండి వచ్చేదాకా ఆగలేక, కాలినడకన కొండ దిగుతున్న వాచ్‌మన్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అందిన మరుక్షణం షాపుకి వెళ్ళి ఆ బటన్ రద్దు చేయించు. ఎలాగో ఆవిడకి తెలుస్తుంది. నేను బతికుండగా నా పెట్టె తెరవడమేంటి? అందులో ప్లాంటు రహస్యాలున్నాయి. బయటికొస్తే నా ఉద్యోగం పోతుంది. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?

ఒకవేళ ఈపాటికే తెరుచుకుని ఉంటే ఏదీ చూడకు. నాకు తెలియకుండా ఇంత పని చేస్తావని కలలో కూడా అనుకోలేదు. నీమీద ఒట్టు, నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు. నా మాట మీద ఏమాత్రం గౌరవం ఉన్నా ఆగిపో.

నేను

*

ఏమండీ,

మీ ఉత్తరం అందేసరికే పెట్టె తెరుచుకుంది.

మొదట మీ మెయిల్ చూశాను. పిచ్చుక సెలవు అడిగిన మెయిల్ ఉంది. దాని కింద మీ జవాబు కూడా ఉంది. "సరే తల్లీ, జాగ్రత్తగా వెళ్ళిరా. ఇక్కడ నేను చూసుకుంటాను" అని రాశారు. మీది ఎంత మంచి మనసో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

వాళ్ళ లాయరు కోసం ఆ కాగితం అచ్చు తీస్తుంటే రిపేరు షాపు ఆవిడ తెర మీద ఇంకోటి చూపించింది. ప్లాంటు లెక్కలు రాసే చోటుని తెరిచే పాస్‌వర్డ్‌లు పెట్టెలో రెండున్నాయి. ఒకటి మీ పేరు మీద, రెండోది ఆ పిల్ల పేరు మీద. కొత్త పాస్‌వర్డ్ కొట్టినప్పుడల్లా దాచమంటారా అని ఆ ప్రోగ్రాము అడుగుతుందట. మీరు అలవాటు కొద్దీ అవునని నొక్కేసి ఉంటారని ఆవిడే చెప్పింది. ఎప్పుడు దాచారో పక్కనే ఉంది. తప్పుడు లెక్క రాసిన రోజు, ఆ లెక్క రాసిన గంటలోనే. అప్పుడా పిల్ల అమ్మమ్మ శవం దగ్గర ఉంది. మీరు మన ముందుగదిలో, ఆ పాత కంప్యూటర్ ముందు ఉన్నారు.

ఆవిడ నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగలేకపోయాను.

నాకు తెలిసినంతలో ఇలా జరిగి ఉంటుంది. క్లోరిన్ యంత్రం చెడింది, తెల్లారేసరికి బాగవుతుందనుకున్నారు. నీళ్ళు ఆపితే పైవాళ్ళకి జవాబు చెప్పాలి. మీ పేరుతో అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు, ఆ పిల్ల పేరుతో రాశారు. ఉద్యోగంలో చేరిన రోజు ఆ పిల్లకి పాస్‌వర్డ్ పెట్టిచ్చింది మీరే కదా. జైలుకి పంపాలని చేసి ఉండరు. అంత చెడ్డవారు కారు మీరు. కానీ తనని తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డారు.

ఆ నీళ్ళు తాగి జబ్బుపడ్డవాళ్ళతో ఆ వారం మా వార్డులో మంచాలు చాలక ఒక్కో మంచం మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టాం. ముగ్గురు నా చేతుల్లోనే పోయారు. మీరు రోజూ నాకు క్యారేజీ తెచ్చి తలుపు బయట నిలబడేవారు. ఇవాళ ఎంతమంది ఉన్నారని అడిగేవారు. నామీద బెంగతో అడుగుతున్నారనుకుని, మీ ముందు ఏడవకుండా గుండె రాయి చేసుకునేదాన్ని. ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. మీమీద కోపం ఎంత ఉందో, మీకు చలేస్తుందేమో అన్న బెంగా అంతే ఉంది. అది నాకే అసహ్యంగా ఉంది.

అన్ని కాగితాలూ సంచిలో పెట్టుకుని పిచ్చుక వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మకి మొత్తం చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు నోరు తెరిచి ఒకటి అడిగాను. ఒక్క వారం ఆగండి, ఆయనకి ఉత్తరం రాస్తాను, ఆయనే కొండ దిగి వచ్చి తన నోటితో చెబుతారు, తనంతట తాను చెప్పాడన్న పేరైనా ఆయనకి మిగలనివ్వండి అని.

ఆవిడ లోపలికెళ్ళి కూతురి దుప్పటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇది ఇస్తామంటే జైల్లో పుచ్చుకోలేదమ్మా. నా బిడ్డ గచ్చు మీద పడుకుంటోంది. ఈ రాత్రి కూడా పడుకోమంటారా? మీరు ఊ అంటే ఆగుతాను" అంది.

సంచి ఆవిడ చేతికిచ్చి వచ్చేశాను.

ఇట్లు,
మీ భార్య